పద్దెనిమిది రాళ్ళ చుట్టూ నడవని రోజు

ఈమధ్య మా పాత విభాగంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఎవరో నా నంబరు ఇచ్చారట. అదీ ఇదీ మాట్లాడాక అసలు విషయానికి వచ్చింది. మూడు నెలలకోసారి చేసే నేల పరీక్షకు పొలమంతా నిజంగా నడవాల్సిందేనా సార్, పోయినసారి అంకెలు చూసి అటూ ఇటూ మార్చి రాసుకుంటే చాలంటున్నారు సీనియర్లు, మీరేమంటారు అని అడిగింది. నడవాలమ్మా అన్నాను. ఎందుకని ఆ పిల్ల అడగలేదు. అడిగివుంటే ఫోన్లో చెప్పగలిగేవాణ్ణి కాదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇది చదివాక మీకు నా మీద గౌరవం తగ్గితే తగ్గనీండి.

ముప్పై నాలుగేళ్ళు విమానాశ్రయాల్లో రేడియో యంత్రాల దగ్గర పనిచేశాను. టవర్లో కూర్చుని పైలట్లతో మాట్లాడేవాళ్ళు వేరే. వాళ్ళ మాట పైకి చేరేలా, పైనుంచి వచ్చే మాట వాళ్ళకు వినబడేలా చూడటం మా పని. విమానానికి దిక్కు చెప్పే యంత్రాన్ని కాపాడటం కూడా మా పనే. అంతా బాగుంటే మేమున్నామన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఏదైనా చెడిందంటే మాత్రం కలెక్టరాఫీసు నుంచి కూడా ఫోన్లు మొదలవుతాయి.

నా చివరి పోస్టింగు బళ్ళారి జిల్లాలోని ఒక చిన్న విమానాశ్రయం. రోజుకు రెండు చిన్న విమానాలు వచ్చిపోయేవి. నాది కెంచనగుడ్డ పక్క వరి పండించే కుటుంబం కాబట్టి సొంత జిల్లాకు వచ్చానని సంబరపడ్డాను. ఇంకో ఆరేళ్ళు గడిపితే పెన్షన్. పెద్దగా కష్టపడకుండా గడుపుదామనే అనుకున్నాను, అందులో దాచాల్సిందేమీ లేదు.

రన్‌వే చివర దాటాక నల్లరేగడి పొలాల మధ్య మా దిక్కుల కేంద్రం ఉండేది. గుండ్రటి ఇనుప వల వేదిక, దాని మీద చుట్టూరా తెల్ల టోపీలు పెట్టిన నలభై ఎనిమిది యాంటెనాలు, కింద యంత్రాలున్న గది. మబ్బులో ఏమీ కనబడని పైలట్‌కు తను ఏ దిక్కున ఉన్నాడో ఈ కేంద్రమే చెబుతుంది. అది నిజమే చెబుతోందా అని తెలుసుకోవడానికి చుట్టూ పొలంలో ఇరవై డిగ్రీలకొకటి చొప్పున పద్దెనిమిది రాళ్ళు పాతి ఉంటాయి. చేతిలో చిన్న రిసీవరు పట్టుకుని ఒక్కో రాయి దగ్గరా నిలబడాలి. ఆ రాయి ఉన్న దిక్కూ, కేంద్రం చెప్పే దిక్కూ ఒకటేనా అని చూసి రాయాలి. దాన్నే నేల పరీక్ష అంటాం. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కాళ్ళుంటే చాలు.

నాతో పాటు ఆ యంత్రాలు చూసే సహోద్యోగి నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. బళ్ళారి బజారులో తాతల కాలం నుంచీ బట్టల వ్యాపారం చేసే ఇంటి మనిషి. అంగడి వదిలేసి రేడియోలు పట్టుకున్నాడని అందరం అతన్ని 'అంగడాయన' అని ఆటపట్టించేవాళ్ళం. గజం గుడ్డ కొలిచినట్టే కొలిచేవాడు ప్రతి రీడింగునూ. అనుమానం వస్తే మళ్ళీ మొదటి రాయి నుంచి మొదలుపెట్టేవాడు. నాకు విసుగొచ్చేది. వాడు లేనిరోజు పని తొందరగా అయిపోతుందని సంతోషించేవాణ్ణి.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. నేల పరీక్ష గడువు వారం అంగడాయన చెల్లెలి పెళ్ళికి సెలవు పెట్టాడు. నేనొక్కడినే రిసీవరు తీసుకుని బయల్దేరాను. మొదటి రాయి దాకా పోయేసరికే రేగడి మన్ను బూట్లకు పట్టి కాలు లేవడం లేదు. వెనక్కి వచ్చి బూట్లు కడుక్కుని, గదిలో కూర్చుని, మూడు నెలల కిందటి కాగితం ముందు పెట్టుకున్నాను. పాయింటు రెండు డిగ్రీల తేడా ఉన్న చోట పాయింటు మూడు వేశాను. పాయింటు నాలుగున్న చోట పాయింటు మూడే వేశాను. మరీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని రెండు రాళ్ళ దగ్గర కాస్త ఎక్కువ తప్పు కూడా చూపించాను. అబద్ధంలో అంత శ్రద్ధ పెట్టినవాణ్ణి నడిచి ఉంటే గంటన్నరలో అయిపోయేది.

కాగితం మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. సెలవు నుంచి వచ్చిన అంగడాయన ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు.

“ఆ వారమంతా వానలే కదా సార్. యాడ నడిచినారు మీరు?” అన్నాడు.

నడిచానులే, పెట్టప్పా అన్నాను. పెద్దవాణ్ణని పెట్టాడు. ఆ సంతకం పెట్టేటప్పుడు వాడి మొహం నాకిప్పటికీ కనబడుతుంది.

నెల తిరక్కుండానే తనిఖీ విమానం వచ్చింది. ఏడాదికోసారి వచ్చి, కేంద్రం చుట్టూ తిరిగి, పైనుంచి కొలిచి పోతుంది. ఈశాన్యం వైపు దిక్కు నిలకడగా లేదని అందులోని ఇంజనీరు రేడియోలో చెప్పాడు. సూది అటూ ఇటూ ఊగుతోందట. మా గదిలో అలారం మోగలేదు, ఎందుకంటే మా మానిటరు ఒక్క వైపు నుంచే చూస్తుంది, అది పడమర వైపు ఉంది. కిందికి దిగాక ఇంజనీరు మొదట అడిగింది నేల పరీక్ష ఫైలు. ఇచ్చాను. పద్దెనిమిది రాళ్ళ దగ్గరా చక్కగా ఉంది కదా, అయితే యంత్రంలో తప్పు లేదు, బయట ఏదో అడ్డొస్తోంది అన్నాడు. ఇనుము కనబడితే మా తరంగాలు దాని మీద పడి తిరిగొస్తాయి, దిక్కు చెడుతుంది. ఇంజనీరు, అంగడాయన, నేను ముగ్గురం బయటికొచ్చి ఈశాన్యం వైపు చూశాం. కొత్త రేకుల షెడ్డు ఒకటి ఎండకు తళతళ మెరుస్తోంది.

అది పట్టుపురుగుల షెడ్డు. మా కంచె అవతల రెండెకరాల మల్బరి తోట ఉన్న ఒకామెది. మా మాదిరే తెలుగువాళ్ళు, నాలుగు తరాలుగా అక్కడే వ్యవసాయం. భర్త సండూరు గనుల దగ్గర లారీ నడుపుతూ వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. పురుగుల పనంతా ఆమే చూసుకునేది. పాత షెడ్డు మట్టిగోడలది, వానకు కూలిపోతే పట్టు శాఖ వాళ్ళ సహాయంతో ఇనుప రేకులతో కొత్తది వేసుకుంది. కట్టేముందు పంచాయతీలో అడిగిందట కూడా. వ్యవసాయం షెడ్డుకు విమానాశ్రయం అనుమతి అక్కర్లేదని అక్కడి గుమాస్తా చెప్పాడట.

మబ్బు పట్టిన రోజు విమానాలు దిగకూడదని ఆంక్ష పెట్టారు. వానాకాలం కదా, వరసగా రెండు విమానాలు నెత్తి మీదే చక్కర్లు కొట్టి వెనక్కి పోయాయి. పై నుంచి ఫోన్లు, కింద నుంచి ఫోన్లు. షెడ్డు వల్ల అంతరాయం కలుగుతోందని నేను రిపోర్టు రాశాను. దాన్ని పట్టుకుని తాలూకా కచేరి వాళ్ళు ఆమెకు ఏడు రోజుల నోటీసు ఇచ్చారు. మా రిపోర్టులో ఒక్క వాక్యం అదనంగా చేర్చాను. ఆ సర్వే నంబరులో ఏ కట్టడమైనా విమానాలకు ప్రమాదకరం అని. అలా రాస్తే గట్టిగా ఉంటుందనిపించింది.

నోటీసు అందిన మర్నాడు ఆమె మా గేటు దగ్గరికి వచ్చింది. కాగితం చీర కొంగులో ముడేసుకుని ఉంది. గొడవ చేస్తుందేమోనని సెక్యూరిటీ మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆమె గొంతు కూడా పెంచలేదు.

“షెడ్డు తీయనని అంటలేను సార్. పురుగులు నాలుగో జ్వరం లేచినాయి. ఇప్పుడు ఆకు గట్టిగా తింటాండాయి. ఇంగ ఎనిమిది తొమ్మిది దినాలు ఇస్తే గూళ్ళు కట్టుకుంటాయి. అప్పుడు నేనే రేకులు విప్పించి ఇస్తాను. స్వల్ప దినాలు నిల్పండప్పా,” అంది.

పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు మేత మానేసి కదలకుండా పడుకుంటుంది. దాన్ని జ్వరం అంటారు. నాలుగోది అయ్యాక వారం రోజులు తిండే తిండి, ఆ తర్వాత గూడు. ఆ వారం చెడితే అప్పటిదాకా పెంచిందంతా పోయినట్టే. ఇదంతా ఆమే నాకు వివరించి చెప్పింది, నాకు అర్థం కాలేదేమోనని. సండూరు లారీల ధూళి ఆకు మీద పడితే ఒక్కో ఆకూ కడిగి వేసి కాపాడుకున్నానని కూడా చెప్పింది. నేను అర్థమైనట్టు తలూపాను.

ఆ గడువు నా చేతిలోనే ఉండేది. తనిఖీ విమానం మళ్ళీ రావడానికి ఎనిమిదో రోజు ఖాయం చేసుకున్నది నేనే. ఇంకో వారం వెనక్కి జరపమని అడిగితే ఎవరూ కాదనేవాళ్ళు కాదు, నాలుగు చీవాట్లు పెట్టేవాళ్ళు, అంతే. నా చేతుల్లో ఏమీ లేదమ్మా, పైవాళ్ళ తీర్మానం అన్నాను. ఈ మాట ఆఫీసుల్లో ఎంత తేలిగ్గా నోటికొస్తుందో ఉద్యోగం చేసినవాళ్ళందరికీ తెలుసు.

ఏడో రోజు రెవిన్యూ వాళ్ళు, నలుగురు కూలీలు వచ్చారు. మా తరఫున నేను నిలబడాలి, నిలబడ్డాను. రేకులు విప్పకముందే ఆమె, ఆమె ఆడబిడ్డ పురుగుల తట్టలు ఒక్కొక్కటీ బయటికి మోశారు. ఇంటి ముందు చింతచెట్టు కింద గోనె పట్టాలు కట్టి దాచారు. మధ్యాహ్నానికి గాలి మారింది. సాయంత్రానికి చీమలు పట్టాయి. షెడ్డులో అయితే స్టాండు కాళ్ళకు నీళ్ళ పళ్ళేలు పెట్టుకునేది, చెట్టు కింద ఎన్నింటికని పెడుతుంది? తట్టల్లో లావుగా తెల్లగా ఉన్న పురుగులు మెలికలు తిరుగుతుంటే ఆమె చేత్తో చీమలు ఏరుతూ కూర్చుంది. నా వైపు చూడలేదు. నేను పంచనామా మీద సంతకం పెట్టి వచ్చేశాను. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు, కానీ తిన్నాను.

మర్నాడు పొద్దున తనిఖీ విమానం వచ్చింది. షెడ్డున్న చోట ఇప్పుడు సిమెంటు అరుగు మాత్రమే ఉంది. విమానం ఒక చుట్టు తిరిగింది. ఇంజనీరు గొంతు రేడియోలో వినబడింది. ఈశాన్యం అలాగే ఊగుతోందన్నాడు. ఇంకో చుట్టు తిరిగారు. అలాగే ఉంది.

నేను, అంగడాయన గదిలో ఉన్నాం. వాడు నా మొహంలోకి చూసి స్పానరు తీసుకుని వేదిక ఎక్కాడు. నేనూ వెనకే ఎక్కాను. ఈశాన్యం వైపు యాంటెనాల కేబుళ్ళు ఒక్కొక్కటే విప్పుతూ పోతే ఐదోదాని దగ్గర దొరికింది. కేబులు చివరి బిగింపులో వాన నీరు దిగి రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. నేను ఆ రోజు నడిచివుంటే ఈశాన్యం రాళ్ళ దగ్గరే ఇది బయటపడేది. ఆ ఒక్క కేబులూ మార్చాం. అరగంట పని. మధ్యాహ్నం విమానం మళ్ళీ లేచి చుట్టు తిరిగింది. దిక్కు గీత గీసినట్టు వచ్చింది. ఇంజనీరు అభినందనలు చెప్పాడు.

సాయంత్రం నేను రాసిన రిపోర్టులో ఒక వాక్యం నాకు కంఠతా ఉంది. ‘అడ్డుగా ఉన్న కట్టడాన్ని తొలగించి, అవసరమైన మరమ్మతులు చేసిన పిమ్మట కేంద్రం సక్రమంగా పనిచేయుచున్నది.’ ఏది చేస్తే బాగుపడిందో ఆ వాక్యంలో ఎంత వెతికినా దొరకదు. రెండు నెలల తర్వాత ఆ వాక్యానికి నాకు ప్రశంసాపత్రం వచ్చింది.

ఆ సాయంత్రమే అంగడాయన అడిగాడు.

“ఇప్పుడన్నా రాస్దాం సార్. ఆమె షెడ్డుకు దీనికి సంబంధం లేదని రాస్దాం.”

“రాస్తే నేల పరీక్ష సంగతి బయటికొస్తాది. నీ సంతకం కూడా ఉండాది కదప్పా దాని మీద. ఇద్దరం పోతాము,” అన్నాను.

వాడికి అప్పుడు రెండేళ్ళ కూతురుంది. ఆ సంగతి నాకు గుర్తున్నందుకే అలా అన్నాను. వాడు మూడు నెలల్లో ఎవరూ అడగని ఈశాన్య రాష్ట్రాల పోస్టింగు తనే అడిగి తీసుకుని వెళ్ళిపోయాడు. వీడ్కోలు రోజు నేను వేయబోయిన దండను చేత్తో అందుకున్నాడు గానీ మెడలో వేయించుకోలేదు. నేను పనిచేసిన వాళ్ళందరిలో మంచి పనివాడు వాడు. వాణ్ణి పోగొట్టుకున్నది నేనే.

నాలుగేళ్ళు గడిచాయి. ఆ నాలుగేళ్ళూ నేల పరీక్షకు నేనే నడిచాను, ఎండయినా వానయినా. దానివల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. కంచె అవతల మల్బరి తోట మొదట కలుపుతో నిండింది, తర్వాత ఎండిపోయింది. పదవీ విరమణకు ఎనిమిది నెలలున్నాయనగా ఒకరోజు ఉండబట్టలేక ఆమె ఇంటికి వెళ్ళాను. తాళం వేసి ఉంది. చోరనూరు వైపు ఎవరిదో పురుగుల షెడ్డులో కూలికి పోతోందని, ఆదివారాలు ఇంటి దగ్గర ఉంటుందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆదివారం మళ్ళీ వెళ్ళాను.

అరుగు మీద కూర్చోమని చెంబుతో నీళ్ళిచ్చింది. తప్పు మా యంత్రంలో ఉండిందమ్మా, నీ షెడ్డు వల్ల కాదు అని చెప్పాను. అంతవరకే చెప్పాను. రాళ్ళ సంగతి, కాగితం సంగతి చెప్పలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే కాస్త తేలికపడదామనే వెళ్ళాను కాబోలు. ఆమె లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చింది. అందులో మూడు అర్జీలు, మూడు తిరస్కారాలు ఉన్నాయి. కొత్త షెడ్డు కోసం ఆమె పెట్టుకున్న ప్రతిసారీ పట్టు శాఖ వాళ్ళు ఒకటే కారణం రాశారు. ఆ సర్వే నంబరులో ఏ కట్టడమైనా విమానాలకు ప్రమాదకరం అని విమానాశ్రయం వాళ్ళు తెలిపినందున, అని. నా వాక్యమే. మక్కీకి మక్కీ.

“మీ నోటిమాట నాకేం పనికొస్తాదప్పా. ఇదే మాట కాగితం మీద రాసీండి. వాళ్ళు అడిగేది కాగితమే,” అంది.

పైవాళ్ళను అడిగి రాసిస్తానన్నాను. పైవాళ్ళను అడగలేదు. అప్పటికి ఆ ఆఫీసులో ఆ కాగితం రాయగలిగిన పైవాణ్ణి నేనే. ఎనిమిది నెలలు కళ్ళు మూసుకుంటే పెన్షన్ చేతికొస్తుందనుకున్నాను, వచ్చింది. విచారణ పెడితే అంగడాయన ఉద్యోగానికి ముప్పని నాకు నేను చెప్పుకున్నాను. అది కొంత నిజమే. కానీ ఆ ఎనిమిది నెలల్లో నన్ను భయపెట్టింది వాడి ముప్పు కాదు. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఈ రాతకు అర్థం లేదు.

పెన్షన్ కాగితాలు ఖాయమయ్యాక, ఇక ఎవరూ నన్నేమీ చేయలేరని రూఢి చేసుకున్నాక అప్పుడు రాశాను. ఆ షెడ్డు వల్ల అంతరాయం కలగలేదని, కేబులు లోపమే కారణమని, ఆ రోజు రీడింగులు సరిగా తీసి ఉండకపోవచ్చునని. తీసి ఉండకపోవచ్చు! ఎవరు తీయలేదో మాత్రం రాయలేదు. రిజిస్టరు పోస్టులో మా పాత ఆఫీసుకు ఒకటి, పట్టు శాఖకు ఒకటి పంపాను.

పట్టు శాఖ నుంచి జవాబు లేదు. మా ఆఫీసు నుంచి రెండు నెలలకు వచ్చింది. నా కుర్చీలో కూర్చున్న కొత్త అధికారి చాలా పద్ధతిగా రాశాడు. తప్పుపట్టలేను, నేనయినా అలాగే రాసేవాణ్ణి. ఆ ఉత్తరం పట్టుకుని ఆదివారం ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె అరుగు మీద కూర్చుని మరుసటి వారం కూలికి తీసుకెళ్ళే బట్టలు మూటగట్టుకుంటోంది. నాకు చెంబుతో నీళ్ళిచ్చి మళ్ళీ మూట ముందు కూర్చుంది. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చదివి చెప్పమంది.

చదివాను. అప్పటి నేల పరీక్షలో పద్దెనిమిది చోట్లా కేంద్రం సక్రమంగా ఉన్నట్టు రికార్డు ఉన్నది. దాని మీద బాధ్యుడైన అధికారి సంతకం ఉన్నది. అందుచేత దోషం కేంద్రానిది కాదని రుజువగుచున్నది. రికార్డుకు విరుద్ధమైన మీ విన్నపాన్ని పరిశీలించలేము.

ఆమె మూట కట్టడం ఆపింది.

“అట్లయితే ఆ సంతకం పెట్టినాయప్ప సుళ్ళు రాసినాడు కదా. ఆయప్పను పట్టుకుంటే మన పని ఐతాది. యాడుంటాడు ఆయప్ప? బదుకుండాడా?”

సుళ్ళు అంటే అబద్ధం, బదుకు అంటే బతుకు. ఆమె కళ్ళలో, అన్నేళ్ళలో మొదటిసారి, కాస్త ఆశ కనబడింది. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. మళ్ళీ తీశాను.

“నేనేనమ్మా,” అన్నాను.

ఆమె మూట ముడి బిగించి, లేచి, చెంబులో నేను తాగగా మిగిలిన నీళ్ళు వాకిట్లో పారబోసింది.

“బస్సు వచ్చే టైమాయె. పోయిరా సార్,” అంది. అంతకుముందు పలికిన ‘అప్పా’ ఆ మాటలో లేదు.